ఫలక్‌నుమా: ఒక ఇల్లు, దాని యజమానులు

హౌరా వెళ్ళే ఎక్స్‌ప్రెస్ పేరుగానో, ఎం.ఎం.టి.ఎస్. స్టేషన్ పేరుగానో ఫలక్‌నుమా మనందరికీ పరిచయమే. ఆ పేరు తెచ్చుకున్న ఇల్లు చార్మినార్‌కు దక్షిణంగా సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, కొండ మీద ఉంది. ఫలక్ అంటే ఆకాశం. ఆకాశాన్ని తలపించే ఇల్లని దాని అర్థం.

దీన్ని కట్టించింది నిజాం అని చాలామంది అనుకుంటారు. నిజానికి కట్టించినవాడు పైగా వంశానికి చెందిన నవాబ్ వికారుల్ ఉమ్రా. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ సోదరిని పెళ్ళాడినవాడు. 1884 మార్చి 3న శంకుస్థాపన జరిగింది. నక్షా గీసింది విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు. పని పూర్తికావడానికి దాదాపు తొమ్మిదేళ్ళు పట్టింది. 1893లో నవాబు హైదరాబాద్ రాజ్యానికి దివాను కూడా అయ్యాడు.

ఇక కట్టడం సంగతి. మధ్యలో పెద్ద భవనం, దాని ముందు స్తంభాల వరండా, రెండు వైపులా సమానంగా చాచిన రెక్కలు, ఎక్కి వచ్చే పాలరాతి మెట్లు: ఇది ఇటలీలో 16వ శతాబ్దపు పల్లాడియో విల్లాల బాణీ. దాన్ని ఇంగ్లండు ప్రభువులు అనుకరించారు, వారి ద్వారా మన దేశానికి వచ్చింది. ఇందులో అక్కడక్కడా ఇంగ్లండు ట్యూడర్ పోకడలూ కలిశాయి. ఇంజనీరుగా నాకొకటి అనిపిస్తుంది. లోతైన వరండా గోడ మీద ఎండ పడనివ్వదు. గోడ వేడెక్కకపోతే గది చల్లగా ఉంటుంది. ఆ వరండా అవసరం ఇంగ్లండు చలికన్నా దక్కను ఎండకే ఎక్కువ.

పై నుంచి చూస్తే ఈ ఇంటి ప్లాను తేలు ఆకారంలో ఉంటుందంటారు. ఉత్తరాన రెండు రెక్కలు తేలు కొండీల్లా చాచి ఉంటాయి. అతిథులు వచ్చేది ఇటువైపే. దక్షిణాన, వెనుక భాగంలో గోల్ బంగ్లా, జనానా మహల్. ముఖం ఇటలీదే అయినా లోపలి కాపురం హైదరాబాదు ఘోషా పద్ధతిదే. 22 హాళ్ళు, 60 గదులు. గ్రంథాలయం పైకప్పు విండ్సర్ కోటలోని గ్రంథాలయం నమూనాలో వాల్‌నట్ చెక్కతో చేశారు. భోజనాల బల్ల దగ్గర ఒకేసారి 101 మంది కూర్చోవచ్చు.

అంత ఇల్లు కట్టినవాడు అందులో ఎక్కువకాలం నిలవలేకపోయాడు. ఖర్చు నవాబు శక్తికి మించింది, అప్పులయ్యాయి. 1897-98 ప్రాంతంలో ఇల్లు నిజాం చేతికి వచ్చింది. నిజాం ఇల్లు మెచ్చుకుంటే నవాబు నజరానాగా సమర్పించాడనీ, నిజాం ఊరికే పుచ్చుకోకుండా డబ్బు చెల్లించాడనీ చెప్పుకుంటారు. మర్యాద పోకుండా అప్పు తీర్చుకోవడానికి ఇద్దరికీ కుదిరిన దారి అది.

మహబూబ్ అలీఖాన్ 1911లో ఇక్కడే కన్నుమూశాడు. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కింగ్ కోఠీలో ఉండేవాడు. ఫలక్‌నుమా రాజ అతిథుల విడిది అయింది. 1951లో బస చేసిన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తర్వాత చెప్పుకోదగ్గ అతిథి లేడు. 1967లో ఉస్మాన్ అలీఖాన్ పోయాక ఆస్తి మనవడు ముకర్రం జాకు వచ్చింది. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి, వారసుల వ్యాజ్యాలు పెరిగాయి, ఆయన ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. ఇంటికి తాళాలు పడ్డాయి.

తాళం వేసిన ఇల్లు వాడే ఇంటికన్నా త్వరగా పాడవుతుంది. వాన గొట్టంలో ఆకులు చేరితే తీసేవాళ్ళుండరు. ఆ నీరు గోడలోకి దిగుతుంది. తర్వాత చెద, ఆ తర్వాత రావి మొక్క. ముకర్రం జా మొదటి భార్య ఎస్రా పూనిక వల్ల ఫలక్‌నుమా ఆ గతి తప్పించుకుంది. తాజ్ సంస్థ లీజుకు తీసుకుంది. దాదాపు పదేళ్ళ మరమ్మతుల తర్వాత 2010 నవంబరులో హోటలుగా తెరిచారు. కొండ కింద బస్తీల వారికి ఆ గేటు ఇప్పటికీ దూరమే. అయినా ఇల్లు నిలిచింది, ఎవరో ఒకరు రోజూ దాన్ని కనిపెట్టి ఉన్నారు.

ఈ సంచికకు ఈ వ్యాసమే ఎందుకంటే, మన బడి పాత బ్లాకు కూడా మూతపడి ఉంది. కూల్చాలా, ఉంచాలా అన్న మాట నడుస్తోంది. పాలరాయి లేకపోయినా అదీ సున్నంతో కట్టిన గోడే. సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోయి గోడ ఇంకా చెడుతుంది, సున్నంతోనే బాగుచేయాలి. సంఘానికి నా విన్నపం మూడే మాటలు. ఈ వానాకాలం లోపు కప్పు, గొట్టాలు చూపించండి. దస్తావేజులు, పాత ఫోటోలు, నక్షాలు ఒకచోట చేర్చండి. రోజూ తెరిచేలా అందులో ఒక గ్రంథాలయమైనా పెట్టండి. కొలతలు తీసి అంచనా వేసే పని నాకు వదిలేయండి.

(రచయిత సివిల్ ఇంజనీరు, 1985 పదో తరగతి బ్యాచ్)