చుట్ట చుట్టే తీరు, కాల్చే తీరు

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ఓడల్లో మన తీరానికి చేరింది. 1604 ప్రాంతంలో అసద్ బేగ్ అనే ఉద్యోగి బీజాపూరు నుంచి దాన్ని తెచ్చి అక్బరు కొలువులో చూపించాడు. 1617లో జహంగీరు నిషేధించాడు గాని ఆ నిషేధం ఫర్మానా దాటి రాలేదు. ఉత్తర్వులు ఫైళ్ళలో నిద్రపోవడం మన సభ్యులకు కొత్త సంగతి కాదు గదా!

తెలుగునాట దానికి స్థిరనివాసం గోదావరి లంకలు. వరద తీశాక మిగిలిన ఒండ్రులో పెరిగే లంక పొగాకుకు ఘాటెక్కువ. ఆ చుట్ట పేరు సముద్రం దాటింది. కానన్ డాయిల్ 1890లో ప్రచురించిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో, హంతకుడు లంక చుట్ట కాల్చేవాడని తేలితే వెతకవలసిన మేర తగ్గిపోతుందని షెర్లాక్ హోమ్స్ అంటాడు. గురజాడవారి గిరీశం కూడా చుట్టనే నెత్తికెత్తుకున్నాడు.

చుట్ట చుట్టడం పెద్దల దగ్గర కూర్చుని నేర్చుకునే పని. ఆరి మగ్గిన ఆకుపై నీళ్ళు చిలకరించాలి. ఎక్కువైతే చుట్ట మండదు, తక్కువైతే ఆకు పెళుసెక్కి విరిగిపోతుంది. మధ్య ఈనె తీసేసి, చిన్న ముక్కలు లోపల పేర్చి, చిరుగులేని ఆకును పైన చుట్టాలి. బిగువు అతిగా ఉంటే గాలి ఆడదు, వదులైతే చురచుర కాలిపోతుంది. చివర దారం కట్టేవారు. ఫైలుకు ట్యాగు లాంటిదన్నమాట. తరవాత కాస్త ఆరనివ్వాలి. కొత్తవాళ్ళకు ఆగే ఓపిక ఉండదు, చెమ్మ చుట్ట ముట్టించి చుట్టినవాణ్ణి తిడతారు.

ముట్టించేటప్పుడు చుట్టను మంటకు కాస్త ఎడంగా పట్టి, తిప్పుతూ కొస అంతా సమంగా అంటుకునేలా చూడాలి. పొగను నోట్లోనే ఉంచి వదలాలి, గుండెల్లోకి పీల్చకూడదు. పీల్చిన కొత్తవాడికి కళ్ళు తిరుగుతాయి. వెంటవెంటనే లాగితే చుట్ట వేడెక్కి రుచి చేదవుతుంది. గంటసేపు కాలే చుట్టను గంటసేపే కాల్చాలి. సిగరెట్టుకు అలవాటుపడినవారికి ఇది మింగుడుపడని మాట.

పొగ మింగకపోతే ఏమీ కాదని మన పెద్దలు నమ్మేవారు. అది నిజం కాదు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల ఆడవాళ్ళు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ దీనికి సాక్ష్యం. చేతులు పనిలో ఉన్నా చుట్ట ఆరదని, నిప్పు గాలికి ఎగరదని వాళ్ళ లెక్క. ఆ వేడికి అంగిలి తెల్లబారి, పుండ్లు పడి, కొందరికి కాన్సరుగా మారుతుందని 1960, 70లలో ఆ జిల్లాల్లో పరిశీలించిన వైద్యులు తేల్చారు. మగవాడు అరుగు మీద తీరుబడిగా అనుభవించిన చుట్టనే ఆడది పని మధ్య, నోరు మూసుకుని కాల్చింది.

2008 అక్టోబరు 2 నుంచి ఆఫీసుల్లో, బస్టాండ్లలో పొగతాగడం నిషేధించారు. పొయ్యి దగ్గర కూర్చున్న ముసలమ్మ అడ్డపొగకు ఆ నిషేధం వర్తించదు.