ఊరు పుట్టినప్పుడు మనవాళ్ళు అక్కడున్నారా? అమరావతి కాగితాల్లో మా వెతుకులాట

"మన పెద్దలు రాజుగారి వెంట వచ్చి ఈ ఊరు కట్టారు" అనే మాట మనలో చాలామంది ఇళ్ళలో వినిపిస్తుంది. మా నాన్నగారి వైపు ఆ ఊరు గుంటూరు దగ్గరి అమరావతి. 2015లో శంకుస్థాపన జరిగిన రాజధాని కాదు, దానికి పేరిచ్చిన పాత ఊరు. ఈ సంగతులు తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. అందుకే రెండుసార్లు ఇండియా వెళ్ళినప్పుడు సెలవులు దీనికే పెట్టుకున్నాను. ఇలాంటి ప్రయత్నం చేసేవారికి పనికొస్తుందని వివరాలు రాస్తున్నాను.

ముందు చరిత్ర. చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1790లలో తన నివాసాన్ని అమరేశ్వరాలయం దగ్గరికి మార్చి, వ్యాపారులను, ఇతరులను రప్పించి ఊరు కట్టించారు. 1816లో కన్నుమూశారు. ఆ కట్టడాలకు రాళ్ళకోసం దీపాలదిన్నె తవ్వారు. అది బౌద్ధ స్తూపమని తర్వాత తెలిసింది. కల్నల్ మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి శిల్పాలకు బొమ్మలు గీయించేసరికే చాలా రాళ్ళు పోయాయి. మిగిలినవాటిలో కొన్ని ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, మరికొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి.

ఇక కాగితాలు. మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరుల వంటివారు సేకరించిన గ్రామ కైఫియతుల్లో ఊరి కథ, దేవాలయాలు, దానాలు దొరుకుతాయి. మామూలు కుటుంబాల పేర్లు అరుదు.

మాకు అసలు ఆధారం ఇనాం రిజిస్టరులో దొరికింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1860ల ప్రాంతంలో ఇనాం కమిషన్ తయారుచేయించినవి ఇవి. భూమి ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, అప్పటికి ఎవరి అనుభవంలో ఉంది, వారి వయసెంత అన్నవి వరుసగా ఉంటాయి. ఇంట్లో పాత పట్టా ఉంటే టి.డి. నంబరు చూసుకోండి, వెతకడం తేలికవుతుంది. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది.

గుడి సేవకింద ఇచ్చిన కొద్దిపాటి భూమికి మా తాతగారి తాతగారి తండ్రి పేరు కనిపించింది. మొదట పుచ్చుకున్నది ఆయన తాతగారు, ఇచ్చింది వెంకటాద్రి నాయుడు. అంటే 1816కి ముందే మావాళ్ళు రాజుగారి కొలువుకు దగ్గరగా ఉన్నారన్నది రుజువైంది. చింతపల్లి నుంచి ఆయన వెంట వచ్చారన్నది మాత్రం విన్నమాటే. మా వంశవృక్షంలో ఈ రెండింటినీ వేరువేరు రంగుల్లో రాశాను. పిల్లలకు చెప్పేటప్పుడు దీపాలదిన్నె సంగతి కూడా చెబుతున్నాను. ఊరు కట్టిన గొప్పలో వాటా కావాలంటే, ఆ రాళ్ళ లెక్కలోనూ వాటా తీసుకోవాలి కదా!

మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దలుంటే ఈ ఆదివారం ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: పొలం ఏ ఊళ్ళో ఉండేది, ఎవరిచ్చారంటారు, పాత పట్టా ఎవరి పెట్టెలో ఉంది? ఆర్కైవ్స్ కాగితాలు మరో ఏడాది ఆగుతాయి, పెద్దవాళ్ళ జ్ఞాపకం ఆగదు.