బట్ట కట్టిన రెక్కలు

వేలూరు ఇంజినీరింగ్ విద్యార్థులు పోటీల కోసం నమూనా విమానాలు కడతారు. అక్కడికి ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని గుడియాత్తం చేనేత లుంగీలకు పేరుపడ్డ ఊరు. 1911 దాకా చిత్తూరుతో కలిసి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతంలో తెలుగు నేటికీ వినిపిస్తుంది. మగ్గానికీ విమానానికీ పొత్తేమిటని అనిపించవచ్చు. విమానాల చరిత్రను రెక్క పైపొర నుంచి చదివితే ఆ పొత్తు బయటపడుతుంది. రెక్కకు తొడిగే పొర అలంకారం కాదు, బరువు మోసే అంగం. ఆ పాఠం విమానానికి మొదట నేర్పింది నేతబట్టే.

1903లో రైట్ సోదరులు తమ విమానం రెక్కలకు బజారులో దొరికే సన్నని నూలుబట్టనే తొడిగారు. అయితే పోగులు రెక్కకు ఏటవాలుగా వచ్చేలా దాన్ని కత్తిరించారు. చట్రాన్ని ఆ పోగులే ఏటవాలుగా బిగించి పట్టాలన్నది వాళ్ల ఆలోచన. నులక వదులైతే మంచం కోళ్లు కదిలినట్టే, పొర వదులైతే రెక్క మెలితిరుగుతుంది. ఆ తర్వాత లినెన్, నూలుబట్టల మీద డోప్ అనే ద్రావణం పూయడం వాడుకైంది. ఆరేకొద్దీ అది బట్టను బిగదీసి, పోగుల మధ్య సందులు మూసి, గాలినీ తేమనీ ఆపేది.

ఈ కథలో తెలుగు నేల పేరు వినబడేది మస్కిటో దగ్గర. 1940 నవంబరు 25న తొలిసారి ఎగిరిన ఈ బ్రిటిష్ యుద్ధవిమానాన్ని డీ హావిలాండ్ కంపెనీ చెక్కతో కట్టింది. దాని ఒడలు బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా చెక్క అతికించి చేసింది. నమూనా విమానాలు కట్టేవారి చేతుల్లో నిత్యం మెదిలే చెక్కే అది. దానిపై పల్చటి నూలుబట్ట పరిచి డోప్ పూశారు. ఆ బట్ట పేరు మడపొల్లం. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం నుంచి వచ్చిన పేరది. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ అక్కడ స్థావరం పెట్టి నేతబట్టను ఓడలకెక్కించింది. మొత్తం 7,781 మస్కిటోలు తయారయ్యాయి.

పేరే మనది, బట్ట ఇంగ్లండు మిల్లులది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. మాధవాయిపాలెం మగ్గం మీది బట్టే మస్కిటోకు ఎక్కిందనడం చరిత్రకు అన్యాయం. మన చేనేతను దెబ్బతీసిన మిల్లులే ఆ పేరునూ తీసుకున్నాయి. కానీ మిల్లుబట్ట కూడా ఆ పేరుతోనే అమ్ముడు కావాలంటే, ఆ పేరుకు ముందే ఒక నాణ్యత కొలబద్దగా నిలిచి ఉండాలి. పల్చగా ఉంటూనే సమంగా, ఒత్తుగా పడిన సాదా నేత ఆ కొలబద్ద.

నమూనా విమానాలకు ఇప్పుడంతా ప్లాస్టిక్ ఫిల్మే, బట్టతో పనేమిటన్నది రెండో అభ్యంతరం. 1960ల నుంచి వాడుకలోకి వచ్చిన పాలియెస్టర్ ఫిల్ము ఇస్త్రీ వేడికి చట్రానికి అంటుకుంటుంది, వేడి పెంచితే ముడుచుకుని బిగుస్తుంది. డోప్ చేసిన పనిని వేడి చేస్తోంది, సూత్రం మాత్రం మారలేదు. ఒక వైపు ఎక్కువ బిగిస్తే రెక్క వంకరపోతుంది. బిగువుగా ఉన్న పొరకు కోత పెడితే అక్కడి లాగుడు కోత చుట్టూ తిరిగి మూలల్లో పోగుపడుతుంది. అందుకే బ్యాటరీ మార్చేందుకు మూత పెట్టాలంటే ముందు ప్లైవుడ్ చట్రం అతికించి, మూలలు గుండ్రం చేసి, ఫిల్ము అంచును లోపలికి మడిచి అంటించాలి. మూతకు ముందు నాలుక, వెనక అయస్కాంతం పెడితే ఎదురుగాలి దాన్ని లేపలేదు. మూలల సంగతి చిన్నది కాదు. 1954లో అదే డీ హావిలాండ్ వారి కామెట్ జెట్లు రెండు కూలిపోయాయి. పైకప్పు తెరపుల మూలల దగ్గర లోహం అలసి చీలిందని విచారణలో తేలింది.

పడుగును సమంగా లాగి కడితేనే నేత సమంగా పడుతుందని గుడియాత్తం నేతపనివారికి వేళ్లతో తెలుసు. వేలూరు విద్యార్థులు బిగువును లెక్కలతో నేర్చుకుంటారు. రెండు చిన్న రెక్కలు చేసి, ఒకదానికి నూలుబట్ట తొడిగి డోప్ పూసి, ఇంకొకదానికి ఫిల్ము బిగించి, ఏది ఎంత మెలితిరుగుతోందో వాళ్లచేత కొలిపించాలి. ఆ పాఠం చెప్పడానికి నేతపనివారిని గురువులుగా పిలవాలి. చేనేతను ఇంజినీరింగ్ విజ్ఞానంగా గౌరవించడం అక్కడే మొదలవుతుంది.