రిజర్వు చేసిన జాగా ఎవరిది?

ఆత్మకూరు నుంచి సోమశిల వెళ్ళే బస్సులో చిన్నప్పుడు ఈ మాట చాలాసార్లు విన్నాను: "నీళ్ళు మన ముందరే ఉండాయి, మనవి కాదు." పెన్న మీద కట్టిన ఆ జలాశయంలో 78 టీఎంసీలు పడతాయి. 1983 తెలుగుగంగ ఒప్పందం ప్రకారం మద్రాసు దాహం కోసం కేటాయించిన 15 టీఎంసీల కృష్ణా నీళ్ళు సోమశిల, కండలేరుల మీదుగానే పోవాలి. ఉదయగిరి మెట్టలో బోర్లు ఎండిపోయిన ఏడు కూడా కాగితం మీద ఆ లెక్క ఆ లెక్కే.

డివైస్ డ్రైవర్లు రాసే ఉద్యోగంలో చేరాక ఇదే తగాదా మళ్ళీ ఎదురైంది. ఈసారి నీళ్ళకి కాదు, మెమరీకి.

ఫోనులో ఉండేది ఒక్క ప్రాసెసరే కాదు. వీడియోకి ఒకటి, కెమెరాకి ఒకటి, మోడెంకి ఒకటి, ఇలా పక్కన కొన్ని కోప్రాసెసర్లుంటాయి. ప్రధాన ప్రాసెసర్ మెమరీని 4 కేబీల పేజీలుగా వాడుకుంటుంది. ఆ పేజీలు ఎక్కడెక్కడ చెదిరి ఉన్నా, పేజ్ టేబుల్ వాటిని ప్రోగ్రాముకి వరసగా ఉన్నట్టే చూపిస్తుంది. చవక చిప్పుల్లోని చాలా కోప్రాసెసర్లకి ఆ సౌకర్యం లేదు. వాటికి నిజంగానే పక్కపక్కన ఉన్న జాగా కావాలి. 1920×1080 వీడియోలో ఒక్క ఫ్రేముకి దాదాపు 3 ఎంబీలు, అంటే సుమారు 760 పేజీలు వరసగా దొరకాలి. ఫోను ఆన్ చేసిన కొత్తలో దొరుకుతాయి. నాలుగు గంటలు వాడాక, బస్సులో పది సీట్లు ఖాళీగా ఉన్నా ఇంటిల్లిపాదికీ ఒకచోట దొరకని పరిస్థితి వస్తుంది.

దీనికి మొదట్నుంచీ తోచిన ఉపాయం ఒకటే: ముందే తీసి పక్కన పెట్టడం. 1981 ఐబీఎం పీసీలో 1024 కేబీల అడ్రసులుంటే, ప్రోగ్రాములకి దక్కింది 640. మిగతా 384 వీడియో కార్డుకీ, రామ్‌కీ సంబంధం లేని రోమ్ చిప్పులకీ కేటాయించారు. ఆ గీత డాస్ ప్రోగ్రాములు రాసినవాళ్ళని పదేళ్ళకు పైగా ఏడిపించింది. తర్వాత ఐసా కార్డుల డీఎంఏకి 24 బిట్ల అడ్రసే ఉండడంతో, లినక్స్ అడుగున ఉన్న 16 ఎంబీలని వేరే మండలంగా లెక్కగట్టుకుంది.

డ్రైవర్లు రాసేవాళ్ళకి ఇంకో చిట్కా కూడా ఉండేది. 2005లో వచ్చిన 'లినక్స్ డివైస్ డ్రైవర్స్' మూడో ముద్రణలో అది ఉంది. మిషన్లో 256 ఎంబీలుంటే, బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్‌కి 255 అని చెప్పడం! మిగిలిన ఒక్క ఎంబీ డ్రైవర్ సొంతం. కొడుకులకి తెలీకుండా గాదె వెనక ఒక బస్తా దాచుకున్న పెద్దాయన తెలివి ఇది. 2012లో రాస్ప్‌బెర్రీ పై వచ్చినప్పుడు కూడా, ఉన్న 256 ఎంబీల్లో గ్రాఫిక్స్‌కి 32 ఇవ్వాలా, 64 ఇవ్వాలా, 128 ఇవ్వాలా అని ముందే తేల్చుకోవాల్సి వచ్చేది. ఇలా కోసి పక్కన పెట్టిన ముక్కని మావాళ్ళు 'కార్వౌట్' అంటారు. అందులో లోపం ఒకటే. వీడియో చూడని రోజున కూడా ఆ ముక్క ఇంకెవరికీ పనికిరాదు.

2010లో పోలండ్‌లోని శాంసంగ్ ఇంజనీర్లు వేరే దారి ప్రతిపాదించారు. మిఖావ్ నజరెవిచ్, మరెక్ షిప్రోవ్‌స్కీ పనిచేసిన ఆ 'కంటిగ్యువస్ మెమరీ అలొకేటర్', పొట్టిగా సీఎంఏ, 2012లో 3.5 వెర్షన్‌తో లినక్స్‌లో చేరింది. మా ఊరి చెరువు చూసినవాళ్ళకి అది కొత్త కాదు. నీళ్ళు వెనక్కి తగ్గితే పెదనాయనవాళ్ళు చెరువు లోపల దోసపాదులు పెట్టేవాళ్ళు. నీళ్ళొస్తే వదిలేసి రావాల్సిందే. సీఎంఏ కూడా అంతే. రిజర్వు చేసిన జాగాలో ఈలోపు కదిలించడానికి వీలైన పేజీలని ఉండనిస్తుంది. డ్రైవర్ వచ్చి అడిగితే వాటిని వేరేచోటికి తరలిస్తుంది. 2014 నాటికి ఈ తేడా డివైస్ ట్రీలో రెండు మాటలుగా స్థిరపడింది. 'నో-మ్యాప్' అంటే ఎవరూ అడుగు పెట్టకూడదు. 'రీయూజబుల్' అంటే వాడుకోండి, అడగ్గానే లేవండి.

వినడానికి ఎంత న్యాయంగా ఉందో! నేనూ అలాగే అనుకున్నాను. కొన్నేళ్ళ క్రితం ఒక చవక ఫోను మీద పనిచేస్తూ, 512 ఎంబీల్లో 64 కెమెరాకి 'రీయూజబుల్' అని రాశాను. టెస్టింగులో మూడోరోజుకి కెమెరా తెరుచుకోవడం మానేసింది. వారం వెతికితే తేలిందేమిటంటే, ఆ 64 ఎంబీల నడుమ ఒక్క పేజీ కదలడం లేదు. ఇంకో డ్రైవర్ దాని భౌతిక అడ్రసుని తన హార్డ్‌వేర్‌కి ఇచ్చేసి, పిన్ చేసి కూర్చుంది. ఒక్క పేజీ కదలకపోతే వరస తెగినట్టే.

గడువు దగ్గరపడింది. ఒక్క మాట మార్చాను, 'నో-మ్యాప్' అని. కెమెరా బ్రహ్మాండంగా పనిచేసింది. 64 ఎంబీలు మాత్రం ఆ ఫోను కొన్నవాళ్ళకి శాశ్వతంగా పోయాయి, కెమెరా ఒక్కసారీ తెరవనివాళ్ళకి కూడా. ఆ ఫోను కొనేది పెద్ద ఫోను కొనలేనివాళ్ళే. వాళ్ళనెవరూ అడగలేదు, నేనూ అడగలేదు. బస్సులో విన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఈసారి గీత గీసింది నేను.

పోలిక ఇక్కడితో ఆపాలి. పేజీని కదిపితే భౌతిక అడ్రసే మారుతుంది. ప్రోగ్రాము చూసే అడ్రసు అదే ఉంటుంది, తన పేజీ లేచి వెళ్ళిందని దానికి తెలియను కూడా తెలియదు. కదిలించడానికి వీలవడమంటే అర్థం అదే: ఆ చోటునే నమ్ముకుని ఎవరూ లేకపోవడం. సోమశిల వెనక నీళ్ళలో కడప జిల్లా ఊళ్ళు మునిగాయి. అక్కడివాళ్ళు ఆ చోటునే నమ్ముకున్నవాళ్ళు. వాళ్ళ అడ్రసు మారింది, మారిందని వాళ్ళకి ఈరోజుకీ తెలుసు.