పానకమునుండి పండ్ల తేనీటివరకు



వైశాఖమాసపు మధ్యాహ్నవేళ ముమ్మిడివరములో ఒక పెద్దమనుష్యుని అరుగుమీదికి ఊరిబయటనుండి అతిథి యొకడు వచ్చినాడనుకొందము. కాళ్లకు నీళ్లిచ్చి కూర్చుండబెట్టిన పిమ్మట ఇంటివారు మొదట ఆలోచించునది, త్రాగుట కేమి ఇత్తుమాయని. పూర్వ మా ప్రశ్నకు సమాధానము వెదకనక్కరలేదు. పెరటిలో కొబ్బరిబొండ మున్నది. కుండలో మజ్జిగ యున్నది. పండుగదినమైనచో బెల్లపు పానక మున్నది. నేడో, ఆ ఇంటి మనుమరాలు తేయాకు కాచి, వడగట్టి, చల్లార్చి, నిమ్మరసమో మామిడిరసమో కలిపి, మంచుగడ్డ వేసి గాజుగ్లాసుతో తెచ్చుచున్నది. దానిని చూచి తాతగారు, “వేడిగా త్రాగవలసిన తేనీటిని చల్లార్చి త్రాగుటేమి తల్లీ! పాలేవి?” అని యడుగుట సహజమే. ఆ మాటకు చరిత్రలోనుండి సమాధానము చెప్పుటయే నేటి నా ప్రసంగము.

ఆ గ్లాసులో ముఖ్యముగా మూడు వస్తువులున్నవి: పండ్లరసము, మంచుగడ్డ, తేయాకు. మూడును మూడు త్రోవల మన యింటికి వచ్చినవి. వీనిలో మొదటిది మన సొత్తు; రెండవది సముద్రము దాటి వచ్చినది; మూడవది మన దేశమున పుట్టియు పరాయివలె తిరిగి తిరిగి మనలను చేరినది.

పండ్లరసము ప్రాచీనత యెంతటిదో చూడుడు. బౌద్ధుల వినయపిటకమున మహావర్గమను గ్రంథభాగ మొకటి కలదు. భిక్షువులు మధ్యాహ్నము దాటిన పిమ్మట భోజనము చేయరాదు. కాని దప్పికకు నియమము వేరు. అందుచేత వారికి ఎనిమిదివిధములైన పానములు అనుమతింపబడినవి. మామిడి, నేరేడు, రెండు తెగల అరటి, ద్రాక్ష మొదలగునవి ఆ పట్టికలో చేరియున్నవి. ధాన్యపు గింజల రసము తప్ప తక్కిన ఫలముల రసమెల్ల త్రాగవచ్చునని కూడ అందు చెప్పబడినది. ఇది ఎక్కడనో ఉత్తరదేశపు ముచ్చటయని తలపవలదు. మన కోనసీమలోనే, మామిడికుదురు చేరువనున్న ఆదుర్రులో బౌద్ధస్తూపపు శిథిలములు నేటికిని కనబడుచున్నవి. అచ్చట నివసించిన భిక్షువులు ఏ పండ్లరసము త్రాగిరో వ్రాసిపెట్టినవారు లేరు. కాని వారి నియమమున మామిడిరసమునకు చోటుండెను, వారి చుట్టుప్రక్కల మామిడిచెట్టునకును కొదువలేదు.

వైద్యశాస్త్రమును ఇదే చెప్పుచున్నది. సుశ్రుతసంహితలో పానకములకు ప్రత్యేకముగా చోటు కలదు. బెల్లముతో చేసిన పానకము పులుపు కలిపినను కలుపకున్నను గురువైనదనియు, ద్రాక్షపానకము అలసటను, దాహమును, మంటను పోగొట్టుననియు అందు కలదు. అనగా తీపి, పులుపు, చల్లదనము కలిపి అలసినవానికిచ్చుట మన పెద్దలు నాలుక కోరిక తీర్చుటకు మాత్రమే చేసినది కాదు. దేహస్థితి నెరిగి చేసిన పని.

పదునారవ శతాబ్దమునకు వత్తము. శ్రీకృష్ణదేవరాయలవారి ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథుల కే ఋతువున కాయా భోజనము పెట్టెడివాడని వర్ణన కలదు. వేసవియందు చెరకుపాలు, లేత కొబ్బరినీళ్లు, పండ్లు, పరిమళమిడిన చల్లని నీరు, నీరుమజ్జిగ ఆ విందులో చేరినవి. చూచితిరా! ఆ పట్టికలో సగము నేటికిని మన పెరటిలోనిదే. శ్రీరామనవమినాడు పందిళ్లలో పంచెడి మిరియము, ఏలకి కలిపిన బెల్లపు పానకము, మంగళగిరి కొండమీద నృసింహస్వామికి సమర్పించెడి పానకము, బాటసారులకై పెట్టెడి చలివేంద్రములు, ఇవన్నియు ఒకే ధర్మమును చెప్పుచున్నవి: దప్పిగొన్నవానికి వట్టి నీరు గాక, శ్రద్ధతో కూర్చిన నీరీయవలెను.

ఇక చల్లదనము మాట. మంచు లేని కాలమున మనవారు కుండను నమ్మిరి. మట్టికూజా సన్నని రంధ్రములనుండి నీరు పైకి ఊరి ఆవిరియగును. ఆవిరియగునప్పుడు లోపలి నీటి వేడిని తనతో కొనిపోవును. కాని ఇందొక చిక్కున్నది. రాయలసీమవంటి పొడినేలలో కూజానీరు చల్లనైనంతగా మన కోనసీమలో చల్లబడదు. సముద్రము చేరువ, చుట్టును గోదావరి పాయలు, గాలియందు తేమ మిక్కుటము, తేమగాలిలో నీరు త్వరగా ఆవిరి కానేరదు. అందుచేతనే మనకు కూజాకంటె బొండము మీద మక్కువ హెచ్చెనేమో!

అక్బరు పాదుషా కొలువులో సూరేకారము నీటిలో కరిగించి, ఆ నీటిలో కూజానుంచి త్రిప్పి చల్లార్చెడివారని అబుల్ ఫజలు ఐనీ అక్బరీలో వ్రాసినాడు. 1586 ప్రాంతమున పాదుషా పంజాబులో విడిసినది మొదలు హిమాలయములనుండి మంచును తెప్పించుట ఆరంభమైనది. అది రాజభోగము. సామాన్యునికి మంచుగడ్డ యనునది కథలోని వస్తువే.

ఆ కథ నిజమగుట విచిత్రమైన రీతిని జరిగినది. అమెరికాలో బోస్టను పట్టణమున ఫ్రెడరికు ట్యూడరను వర్తకు డుండెను. శీతకాలమున అచ్చటి చెరువులు గడ్డకట్టును. ఆ గడ్డలను కోయించి, రంపపుపొట్టు నడుమ పేర్చి, ఓడలపై ఉష్ణదేశములకు పంపి అమ్ముట అతని వ్యాపారము. 1833లో టస్కనీ యను ఓడ సుమారు 180 టన్నుల మంచుతో బోస్టను విడిచి, నాలుగు మాసములు సముద్రముపై పయనించి కలకత్తా చేరినది. దారిలో కరగినది కరగిపోగా దాదాపు 100 టన్నులు మిగిలినవి! తరువాత మద్రాసులో సముద్రపుటొడ్డున ఆ మంచును దాచుటకు గుండ్రని గోడల భవన మొకటి కట్టిరి. ఐస్ హౌస్ అని దానికి పేరు. 1897లో వివేకానందస్వామి కొన్ని దినములు బస చేసినది ఆ భవనముననే. మంచువర్తకము అంతరించినను భవనము మాత్రము నిలిచి, నేడు స్వామివారి పేరనే వెలయుచున్నది.

1870లలో మన దేశముననే యంత్రములతో మంచు చేయుట మొదలుకాగా బోస్టను ఓడలకు పని లేకపోయినది. మొదట దొరల బల్లలకు, ఆసుపత్రులకు, పిమ్మట సోడా దుకాణములకు, తుదకు సముద్రతీరపు చేపల బేరమునకు మంచుగడ్డ దిగివచ్చినది. గోలీసోడా సీసాను హైరమ్ కాడ్ అను ఆంగ్లేయుడు 1872లో కనిపెట్టినాడు. దాని గోలీ నొక్కినప్పటి చప్పుడు ఎరుగని తెలుగుపల్లె లేదు.

మూడవది తేయాకు. ఇది చీనావారి వస్తువని చిరకాలము తలచిరి. కాని అస్సాము అడవులలో ఆ చెట్టు తనంతట పెరుగుచుండెను; అచ్చటి సింగ్ఫో జాతివారు దానిని ఎరిగియేయుండిరి. 1823లో రాబర్టు బ్రూసు దాని విషయము తెలిసికొనెను. 1839లో అస్సాము తేయాకు తొలిసారిగా లండనులో వేలమునకు వచ్చినది. పిమ్మట తోటలు విరివియైనవి. ఆ తోటలలో పనికై తరలింపబడిన కూలీలలో విశాఖపట్టణము, గంజాము జిల్లాల తెలుగువారును గలరు. వారి సంతతివారు నేటికిని అస్సాములో నున్నారు. అట్లే ముమ్మిడివరమునకు గౌతమి యావలి దిక్కున నున్న కోరంగి రేవు పేరు బట్టి, బర్మాలో మన తెలుగు కూలీలను కొరంగీలని పిలిచెడివారు. మనము తేనీరు త్రాగునప్పుడు దాని రంగులో ఏ తోటలో ఏ తెలుగుబిడ్డ చెమట కలిసినదో ఒక్కమారు తలచుకొనుట న్యాయము.

తోటలు పెంచినది పరదేశముల కొరకు. అచ్చట గిరాకి తగ్గినపుడు తేయాకు వర్తకులకు మన దేశము జ్ఞప్తికి వచ్చినది. 1903లో తేయాకుపై చిన్న పన్ను విధించి, ఆ ధనముతో ప్రచారము మొదలిడిరి. సంతలలో, రైలుస్టేషనులలో, పట్టణపు వీథులలో తేనీరు కాచి చూపి అలవాటు చేసిరి. మన పెద్దలలో పలువురు దీనిని వ్యసనమని నిరసించిరి. గాంధీమహాత్ముడు 1942లో ఆరోగ్యమునుగూర్చి వ్రాసిన గ్రంథములో తేనీటిని మెచ్చుకొనలేదు. అయినను ఒక మంచి మాట చెప్పినాడు. నీరు కాగినదో లేదో తెలియుటకు చీనాలో ఈ ఆకును వేసెడివారట. కాగిన నీటిలోనే ఆకు రంగు దిగుననియు, రంగే సాక్ష్యమనియు ఆయన మాట. ఈ మాటను మీరు మరువకుడు. మరల దీనితో పని యున్నది.

చల్లని తేనీరు ఎక్కడ పుట్టినది? 1904లో అమెరికాలో సెయింట్ లూయిసు ప్రదర్శనమున, భారతదేశపు తేయాకును చాటుటకు వెళ్లిన రిచర్డు బ్లెచిండెన్ అను దొర, ఎండలో వేడి తేనీరు ఎవరును ముట్టకుండుట చూచి అందులో మంచు వేసి పంచెననియు, అదియే దీని పుట్టుకయనియు కథ యొకటి వ్యాపించినది. కథ రమ్యమే గాని పుట్టుక మాట నిజము కాదు. 1870లలో అచ్చైన అమెరికా వంటపుస్తకములలోనే మంచువేసిన తేనీరు చేయు విధము కలదు. నిమ్మకాయ పిండుమని కూడ ఉన్నది. ప్రదర్శనము దానికి ప్రఖ్యాతి తెచ్చినది, జన్మ నీయలేదు. కీర్తి వచ్చిన దినమును పుట్టినదినముగా తలచుట లోకస్వభావము.

ఇంతవరకు ముచ్చట. ఇప్పుడు ప్రాణముతో కూడిన విషయము చెప్పెదను.

మన సీమకు నీరు కొదువ లేదు. మంచినీరు మాత్రము ఎల్లప్పుడును సులభము కాదు. సముద్రము దగ్గరయగుటచే బావినీరు పలుచోట్ల ఉప్పన. 1847 మొదలు 1852 వరకు కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన పిమ్మట కాలువలు వచ్చినవి. కాలువనీటితో నిండిన చెరువులే ఎన్నో గ్రామముల దాహము తీర్చినవి. ఆ కాలువలోనే స్నానము, బట్టలుతుకుట, పశువులను కడుగుట. వరద వచ్చినప్పుడు చెప్పనేల! 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమను త్రొక్కిన సంగతి మీలో అనేకులు కన్నులార చూచినదే. కొబ్బరితోటలు నేలబడినవి, వేయికి పైగా ప్రాణములు పోయినవి. అటువంటి ఉపద్రవముల వెంట వచ్చు రెండవ శత్రువు కలుషజలము. 1884లో రాబర్టు కోక్ అను జర్మను వైద్యుడు కలకత్తాలో ఒక చెరువు నీటిలోనే విషూచి క్రిములను కనుగొని చూపెను.

కావున చల్లని పానీయమున ప్రమాదము ఎచ్చట దాగియున్నదో చూడుడు. తేయాకులో లేదు; అది మరగిన నీటితో చేసినది. పండులో లేదు, తొక్క కాపాడినది. మంచుగడ్డలో ఉన్నది! చలికి క్రిములన్నియు చచ్చునని పలువురి భ్రమ. అనేకక్రిములు గడ్డలో నిద్రించినట్లుండి, కరగగానే మేల్కొనును. పైగా చేపలు నిలువచేయుటకు చేసిన గడ్డ త్రాగుటకు తగినది కాదు. రెండును చూపునకు ఒక్కటే. ఈ చిక్కు తీర్చుటకే 2018లో మహారాష్ట్ర ప్రభుత్వము తినదగని మంచుకు నీలిరంగు కలుపవలెనని ఉత్తరువు చేసినది. ఒకప్పుడు నా బంధువుల యింట పెండ్లిలో ఎచ్చటనుండియో తెచ్చిన గడ్డను పగులగొట్టి పానకమున వేసిరి. మరునాటికి పదిమంది మంచము పట్టిరి. వారిలో ఒక వృద్ధురాలు తేరుకొనుటకు మాసము పట్టినది. మర్యాద చేయబోయి కీడు చేసితిమేయని ఆ గృహస్థు పడిన బాధ నేటికిని నాకు కన్నులకు కట్టినట్లున్నది.

ఇంటిలో దీనిని చేయువిధము సులభము. లీటరు నీటిని బాగుగా మరిగించి దింపి, నాలుగైదు చెంచాల తేయాకు వేసి మూతపెట్టుడు. నాలుగు నిమిషములు చాలును. అంతకు మించినచో వగరు హెచ్చును. వడగట్టి, వేడిగా నున్నప్పుడే బెల్లమో పంచదారయో కరిగించుడు. తొందరపడి చల్లార్చినచో తేనీరు మబ్బువేసినట్లు కలకబారును, మెల్లగా చల్లారనిండు. బాగుగా చల్లారిన పిమ్మటనే రసము చేర్పవలెను. వేడిలో పండ్లవాసన చెడును. నిమ్మరసము పడగానే తేనీటి రంగు తేలిపోవును. అది పులుపు గుణమే గాని దోషము కాదు. పంపరపనస, అనాస, దానిమ్మ, వడగట్టిన మామిడిరసము, అన్నియు పనికివచ్చును. పాలు మాత్రము కలుపరాదు, విరిగిపోవును. తాతగారి ప్రశ్నకు ఇదే సమాధానము. మంచుగడ్డ వేయదలచినచో కాచి చల్లార్చిన నీటితో ఇంటిలోనే కట్టించుడు. లేనిచో పాత్రను తడిగుడ్డ చుట్టి గాలికి పెట్టుడు. మన గాలిలో ఆ చల్లదనము కొంచెమే. కాని దానివలన భయము లేదు. చేసిన దినముననే త్రాగవలెను. రక్తము తక్కువైనవారు భోజనముతో తేనీరు త్రాగకుండుట మేలు. అది అన్నములోని ఇనుమును ఒంట బట్టనీయదు.

పెద్దలారా, క్రొత్తదని దీనిని త్రోసివేయవలదు. క్రొత్తదని బొండమును, మజ్జిగను మరువవలదు. 2002లో ఎదుర్లంక యానాముల నడుమ వారధి పడకమునుపు గౌతమి రేవులో పడవకై వేచిన బాటసారికి ఒడ్డున బొండము కొట్టి యిచ్చిన చేయి ఏ పుస్తకమును చదివియుండలేదు. కాని దాహమెరిగిన చేయి. మనుమరాలు తెచ్చిన గ్లాసులో ఆ ధర్మమే క్రొత్తరంగు వేసికొని వచ్చినది. “పాలేవి?” అని అడుగుటకు బదులు, “నీరు మరిగించితివా తల్లీ? గడ్డ యెక్కడిది?” అని అడుగుడు. సరియైన సమాధానము వచ్చినచో నిశ్చింతగా త్రాగి, అతిథికిని ఇప్పింపుడు.