ఇంట్లో తయారయ్యే నెట్‌వర్క్ అనలైజర్: హ్యామ్‌లకు ఎందుకు, ఎలా?

హ్యామ్ రేడియో లైసెన్సు చేతికొచ్చాక చాలామంది చేసే మొదటి పని డాబా మీద తీగ కట్టడం. ఆ తీగ తాము వాడే ఫ్రీక్వెన్సీకి సరిపోయిందో లేదో చూస్తే తెలియదు. సరిపోకపోతే ట్రాన్స్‌మిటర్ పంపిన శక్తిలో కొంత వెనక్కి వస్తుంది. మరీ ఎక్కువ వస్తే చివరి దశలోని ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత తిరిగొస్తోందో కొలిచేదే నెట్‌వర్క్ అనలైజర్. ప్రయోగశాలల్లో వాడే వాటి ధర లక్షల్లో ఉంటుంది. అందుకే హ్యామ్‌లు సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టారు.

బిట్‌ఎక్స్ ట్రాన్స్‌సీవర్‌తో హ్యామ్ లోకానికి పరిచయమైన హైదరాబాద్ వాసి అష్హర్ ఫర్హాన్ రూపొందించిన 'స్వీపరీనో' ఇందుకు మంచి ఉదాహరణ. సంకేతాన్ని పుట్టించడానికి ఎస్‌ఐ570, కొలవడానికి ఏడీ8307, రెండింటినీ నడపడానికి ఆర్డ్యునో. ఏడీ8307 ఒక్కో డెసిబెల్‌కు దాదాపు 25 మిల్లీవోల్టులు ఇస్తుంది. 5 వోల్టుల రిఫరెన్సు ఉన్న 10 బిట్ల ఆర్డ్యునోకు అది 0.2 డెసిబెల్ తేడా పట్టుకునేంత స్పష్టత. ఇంటి అవసరానికి ఇది చాలు.

చిప్‌లు ఎవరు కొన్నా ఒకటే. అసలు పరీక్ష బ్రిడ్జి దగ్గర. ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్న వీట్‌స్టన్ బ్రిడ్జే ఇది: మూడు చేతుల్లో 50 ఓమ్‌ల రెసిస్టర్లు, నాలుగో చేతిలో యాంటెన్నా. యాంటెన్నా కూడా 50 ఓమ్‌లైతే డిటెక్టర్‌కు ఏమీ అందదు. మామూలు దుకాణంలో 50 ఓమ్‌ల రెసిస్టర్ దొరకదు కాబట్టి ఒక శాతం తేడా ఉన్న 100 ఓమ్‌లవి రెండేసి సమాంతరంగా కలుపుతారు. కాళ్లు పొడుగ్గా వదిలేస్తే ఆ జాగ్రత్తంతా వృథా. సెంటీమీటరు తీగకు సుమారు 10 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అది అర ఓమ్ కూడా కాదు, 145 దగ్గర 9 ఓమ్‌లు.

ఇలాంటి స్కేలార్ అనలైజర్ పరిమాణాన్నే చెబుతుంది, దశను చెప్పదు. యాంటెన్నా 25 ఓమ్‌లైనా, 100 ఓమ్‌లైనా ఎస్‌డబ్ల్యూఆర్ 2 అనే చూపిస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గరి కొలతను బట్టి తీగ కత్తిరించాలా, పొడిగించాలా అన్నది మీరే ఊహించుకోవాలి. దశ కూడా కొలిచే వెక్టర్ అనలైజర్‌ను చవక విడిభాగాలతో సాధ్యం చేసింది జపాన్‌లో ఒక హ్యామ్ రూపొందించిన నానోవీఎన్ఏ. అందులో ఎస్‌ఐ5351, మూడు ఎస్‌ఏ612 మిక్సర్లు, సంగీతం కోసం తయారైన ఒక ఆడియో కోడెక్ ఉంటాయి. రేడియో సంకేతాన్ని 5 కిలోహెర్ట్జ్‌కు దించేస్తే మిగతా పని ఆడియో చిప్ చేస్తుంది. తెలివైన పొదుపు ఇది.

కొలిచే ముందు ఓపెన్, షార్ట్, 50 ఓమ్‌ల లోడ్ పెట్టి కాలిబ్రేట్ చేయాలి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. డాబా మీది యాంటెన్నాను కొలవాలంటే కాలిబ్రేషన్ కేబుల్ పైకొసన చేయాలి, గదిలో కాదు. కేబుల్‌లో 3 డెసిబెళ్లు పోతున్నాయనుకోండి. వెళ్లేటప్పుడు సగం, వచ్చేటప్పుడు సగం ఆవిరి. యాంటెన్నా తెగి కింద పడినా, గదిలోని మీటరు ఎస్‌డబ్ల్యూఆర్ 3 దాటి చూపించదు.