ఏటీఎం దొంగలు, జపాన్ ఎక్స్‌కవేటర్లు, మా మావయ్య పొక్లెయిన్

ఈ ఎపిసోడ్ జపాన్‌లో దొంగతనాలతో మొదలై కైకలూరు దగ్గర ఒక చేపల చెరువు గట్టు మీద ఆగుతుంది. మధ్యలో చైనా కూడా వస్తుంది. టాపిక్ పేరు టెలిమాటిక్స్. పేరు చూసి భయపడకండి. జేసీబీలు, పొక్లెయిన్లు, డంపర్లు ఎక్కడున్నాయి, ఎన్ని గంటలు తిరిగాయి, ఎంత డీజిల్ తాగాయి అన్నది ఆఫీసులో కూర్చుని చూసే పద్ధతి, అంతే.

అన్నట్టు, మనం పొక్లెయిన్ అనేది మెషిన్ పేరు కాదు. అదొక ఫ్రెంచ్ కంపెనీ పేరు. అసలు పేరు హైడ్రాలిక్ ఎక్స్‌కవేటర్. జిరాక్స్, డాల్డాల్లాగే బ్రాండ్ పేరే మనకి వస్తువు పేరైపోయింది.

సరే, జపాన్‌కి వెళ్దాం. 1990ల చివర్లో అక్కడ దొంగలు ఒక కొత్త దారి కనిపెట్టారు. రాత్రిపూట కన్‌స్ట్రక్షన్ సైట్‌లో దూరి ఎక్స్‌కవేటర్ స్టార్ట్ చేసి, దాంతో ఏటీఎంని గోడతో సహా పెకలించుకుని పోవడం. సైట్‌లో అంత పెద్ద మెషిన్‌ని ఎలా స్టార్ట్ చేస్తారని మీకు డౌట్ రావాలి. మన స్కూటీ తాళం పక్కింటి స్కూటీకి పట్టదు. ఈ భారీ మెషిన్లలో అలా కాదు. ఒక కంపెనీ మెషిన్లకి చాలావరకు ఒకటే తాళం చెవి ఉండటం మామూలు. సైట్‌లో ఆపరేటర్లు మారుతుంటారు, ఎవరి తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కోకూడదని అలా చేశారు. పనికి సౌకర్యం, దొంగకి ఇంకా సౌకర్యం.

అప్పుడు కొమాట్సు అనే కంపెనీ మెషిన్‌లో జీపీఎస్ పెట్టె పెట్టింది. మెషిన్ ఎక్కడుందో తెలుస్తుంది, కావాలంటే దూరం నుంచే ఇంజిన్ స్టార్ట్ అవ్వకుండా లాక్ చేయొచ్చు. దాని పేరు కోమ్‌ట్రాక్స్.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి చెప్పాలి. పైనుంచి శాటిలైట్ మన బండిని చూస్తోందని అనుకుంటాం. నేను కూడా బీటెక్ సెకండ్ ఇయర్ దాకా అలాగే అనుకున్నాను. జీపీఎస్ శాటిలైట్‌కి మన బండి అనేది ఒకటుందని కూడా తెలియదు. అది తన టైమ్ ఎంతో, తాను ఎక్కడుందో చెప్పుకుంటూ పోతుంది, అంతే. కింద ఉన్న పెట్టె కనీసం 4 శాటిలైట్ల మాట విని, ఆ సిగ్నళ్లు రావడానికి పట్టిన టైమ్‌ని బట్టి తాను ఎక్కడుందో లెక్క వేసుకుంటుంది. ఆ లెక్కని మనకి పంపేది వేరే దారి, ఎక్కువగా లోపల ఉన్న సిమ్ కార్డు. అంటే మీరు మ్యాప్‌లో చూసే చుక్క ఒక లెక్క. ఫోటో కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో పని ఉంది.

జీపీఎస్ అమెరికా మిలిటరీది. మొదటి శాటిలైట్ 1978లో వెళ్లింది. 1983లో దారి తప్పిన కొరియన్ విమానాన్ని సోవియట్లు కూల్చేశారు, 269 మంది పోయారు. ఆ తర్వాత దీన్ని మామూలు జనానికి కూడా ఫ్రీగా ఇస్తామని రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. ఇచ్చారు కానీ, కావాలనే కొంత తప్పు కలిపి ఇచ్చారు. దాదాపు 100 మీటర్లు అటూ ఇటూ. 2000 మే నెలలో క్లింటన్ ఆ తప్పుని తీసేయించాడు. రాత్రికి రాత్రి అందరి రిసీవర్లూ మెరుగైపోయాయి. సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు ఇది భలే నచ్చుతుంది. కింద ఒక్క స్క్రూ కూడా తిప్పకుండా ప్రపంచానికంతా అప్‌డేట్ వచ్చేసింది.

టైమింగ్ చూడండి. మరుసటి ఏడాది, 2001లో, కొమాట్సు ఈ పెట్టెని జపాన్‌లో తన మెషిన్లకి ఎక్స్‌ట్రా ఫిట్టింగ్‌లా అమ్మకుండా మెషిన్‌తోనే ఇవ్వడం మొదలుపెట్టింది. అసలు కథ అక్కడ మలుపు తిరిగింది. దొంగని పట్టుకోవడానికి పెట్టిన పెట్టె రోజూ ఊరికే ఉండదు కదా. ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగింది, డీజిల్ ఎంతుంది, ఏ పార్టు ఇబ్బంది పెడుతోంది, అన్నీ పంపుతూనే ఉంటుంది. 2004లో చైనా ప్రభుత్వం అప్పులు, పెట్టుబడులు బిగించింది. చైనాలో మెషిన్లు తిరిగే గంటలు పడిపోవడం కొమాట్సు వాళ్లకి తమ స్క్రీన్ మీదే కనపడింది. వెంటనే అక్కడ ఉత్పత్తికి బ్రేకు వేశారు. అమ్ముడుపోని మెషిన్లు యార్డులో పేరుకోకముందే అన్నమాట. ఇప్పటికీ కొమాట్సు తన మెషిన్లు ఏ ప్రాంతంలో నెలకి సగటున ఎన్ని గంటలు పనిచేశాయో బయటపెడుతుంది. మట్టి తవ్వే గంటల్ని చూసి ఒక దేశం ఎకానమీ ఎలా ఉందో అంచనా వేసేవాళ్లున్నారు.

అదే లాక్ ఇంకో పనికి కూడా వచ్చింది. వాయిదా కట్టకపోతే మెషిన్‌ని ఆపేయడం. ఇక 2022లో, ఉక్రెయిన్‌లోని మెలిటోపోల్‌లో ఒక జాన్ డీర్ డీలర్ దగ్గర రష్యా సైనికులు 27 మెషిన్లు ఎత్తుకెళ్లారు. కొన్ని చెచన్యా దాకా వెళ్లాయి. జీపీఎస్‌లో దారంతా కనపడింది, అక్కడికి చేరాక చూస్తే దూరం నుంచే లాక్ చేసేశారు. అవి వ్యవసాయ మెషిన్లు, కానీ టెక్నాలజీ ఇదే. అప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. కాకపోతే ఆ స్విచ్ మెషిన్ కొన్నవాడి చేతిలో లేదని నాకు తర్వాత ఎప్పుడో తట్టింది.

ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో పాస్‌వర్డ్. 5 కంపెనీల మెషిన్లున్న కాంట్రాక్టర్ 5 స్క్రీన్లు చూసుకోవాలి. ఈ గోల తట్టుకోలేక అమెరికాలో ఫ్లీట్ మేనేజర్ల సంఘం పట్టుబట్టి 2010లో ఒక కామన్ ఫార్మాట్ తెప్పించింది, 2016కి అది ఐఎస్ఓ 15143-3 అయింది. కొనేవాళ్లు కలిసి అడిగితేనే కంపెనీలు దిగివస్తాయి, ఇంతకంటే ఇందులో చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఇప్పుడు కైకలూరు.

మా మావయ్యకి అక్కడ ఒక పాత ఎక్స్‌కవేటర్ ఉంది. చేపల చెరువులు తవ్వడం, గట్లు వేయడం. గంటకింత అని అద్దె. పాత బండి కాబట్టి కంపెనీ పెట్టె లేదు. "ఏరా, నువ్వు సాఫ్ట్‌వేరే కదా, నా బండి రాత్రిళ్లు ఎక్కడికైనా పోతోందేమో చూడరా" అన్నాడు. ఆన్‌లైన్‌లో చవక ట్రాకర్ ఒకటి కొని నేనే బిగించాను. ఆపరేటర్‌కి తెలియకూడదని సీటు కింద ఇనుప రేకు వెనక దాచాను. ఇగ్నిషన్ వైరుకి కలిపాను. మావయ్య ఫోన్‌లో యాప్ వేసి, ఎర్ర గీత కనపడితే బండి కదిలినట్టు అని చెప్పి హైదరాబాద్ వచ్చేశాను.

ఆపరేటర్ అన్నది శ్రీకాకుళం వైపు. రెండేళ్లుగా బండి మీదే ఉన్నాడు, రాత్రి కాపలా కూడా తనే. నేను వచ్చేసిన వారానికి యాప్‌లో రాత్రి 10 నుంచి 1 గంట దాకా ఇగ్నిషన్ ఆన్ అని, స్పీడు గంటకి 2, 3 కిలోమీటర్లని, చెరువు గట్టు చుట్టూ ఎర్ర గీతలు. చైన్ బండి నిజంగా నడిచే స్పీడు కూడా అంతే. ఇంకేం, రాత్రిళ్లు ప్రైవేటు పని చేసి డబ్బులు జేబులో వేసుకుంటున్నాడని మావయ్య తేల్చేశాడు. నెల జీతం ఆపాడు. అన్న ఎంత చెప్పినా వినలేదు. వెళ్లిపోయాడు.

నేను సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ డేటా దించి చూశాను. గీతలకి వెళ్లిన చోటు, వచ్చిన చోటు లేవు. ఒకే చోట సాలెగూడులా ఉన్నాయి, అంతా 20 మీటర్ల లోపే. రేకు వెనక సిగ్నల్ సరిగా అందక పెట్టె లెక్క తప్పుతోంది. ఒక్కోసారి ఒక్కో చుక్క. చుక్కల్ని కలిపి యాప్ గీతలు గీసేసింది. దీన్ని డ్రిఫ్ట్ అంటారు. అది నాకు తెలుసు. బిగించేటప్పుడు కూడా తెలుసు.

ఇగ్నిషన్ ఎందుకు ఆన్‌లో ఉంది? క్యాబిన్‌లో చిన్న ఫ్యాను తిరగాలన్నా, ఫోన్ చార్జింగ్ ఎక్కాలన్నా తాళం ఆన్‌లో ఉండాలి. చెరువు గట్టు మీద దోమల సంగతి ఆ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ అన్న వదిలేసి వెళ్లిన నోటుపుస్తకం డ్యాష్‌బోర్డ్ అరలోనే ఉంది. బండి మీటర్ రీడింగ్ రోజూ పొద్దున, సాయంత్రం రాశాడు. మావయ్య బండిలో ఆ మీటరు ఇంజిన్ తిరిగితేనే కదులుతుంది. సాయంత్రం 4312.6, మర్నాడు పొద్దున 4312.6. ఆ నెలంతా అలాగే ఉంది, ఒక్క రోజు కూడా తేడా లేదు.

పుస్తకం మావయ్య ముందు పెట్టాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఎర్ర గీత వస్తే బండి కదిలినట్టేనని నాకెందుకు చెప్పావురా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆపిన జీతం ఆ రోజే ఫోన్‌పే చేయించాను. అన్నకి ఫోన్ చేసి జరిగింది చెప్పి, మళ్లీ రమ్మన్నాను. కోప్పడలేదు. ఒంగోలు వైపు పని దొరికిందన్నాడు.

"ఇక్కడ బండిలో కూడా పెట్టె ఉంది బాబూ. రాత్రిళ్లు తాళం తీసేసి, దోమతెర కట్టుకుని కిందే పడుకుంటున్నాను."